మిర్చి కంపెనీ చిరునామా: గ్రామ్స్ నుంచి డొమైన్ దాకా

గుంటూరు పట్నం బజారులో నలభై ఏళ్లకు పైగా నడుస్తున్న ఏ ఎగుమతి కంపెనీకైనా వెళ్లి, పాత ఫైళ్లు దింపించి, లెటర్‌హెడ్‌లు వరుసగా చూడండి. అన్నిటికంటే పాతవాటి మీద కంపెనీ పేరు కింద ‘గ్రామ్స్’ అని, దాని పక్కన ఒకే ఒక్క మాట ఉంటుంది. తర్వాతి వాటిలో ఫోన్ నంబరు చేరుతుంది. ఆ తర్వాత టెలెక్స్, ఆపైన ఫ్యాక్స్, చివరికి ఈ-మెయిల్. మిర్చి ఘాటు గురించీ ధర గురించీ మన జిల్లాలో రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మిర్చికి ఆర్డరు ఏ దారిన వచ్చింది, మన బదులు ఏ దారిన వెళ్లింది అన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ఆ కథ మొత్తం ఈ లెటర్‌హెడ్ వరుసల్లోనే ఉంది.

నేను పని చేసింది ఆ దారి మీదే. ఇంకొల్లు దగ్గర పత్తి రైతు ఇంట పుట్టాను. గుంటూరు వచ్చి బ్రాడీపేటలో టైపు హయ్యర్ పాసయ్యాను. 1980ల మధ్యలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో టెలెక్స్ ఆపరేటరుగా చేరి, అదే ఆఫీసులో ఆ కంపెనీ మెయిల్ సర్వరు నిలబెట్టి నడిపాను. అందుకని ఈ కథ నాకు తెలిసినంత వరకు నేనే చెప్పాలి.

ఏడాదికింత కట్టి కొనుక్కున్న మాట

టెలిగ్రాంకి మాటల లెక్కన డబ్బు. విషయానికే కాదు, అడ్రసులో మాటలకీ లెక్కే. కంపెనీ పేరు, వీధి పేరు, పేట పేరు అన్నీ కొట్టాలంటే అసలు కబురు కంటే చిరునామాకే ఎక్కువ అయ్యేది. అందుకని వ్యాపారులు తంతి ఆఫీసులో ఏటా రుసుము కట్టి ఒక పొట్టి మాటను తమ చిరునామాగా నమోదు చేయించుకునేవారు. లెటర్‌హెడ్ మీద ‘గ్రామ్స్’ పక్కన ఉండేది ఆ మాటే. ఆ మాట, దాని వెనక ‘గుంటూరు’ అని కొడితే చాలు, కబురు నేరుగా ఆ కొట్టుకి వచ్చేది. ఒకే ఊళ్లో ఒకే మాట ఇద్దరికి ఇచ్చేవారు కాదు. రుసుము కట్టడం మానేస్తే ఆ మాట మీద హక్కు పోయేది.

పొదుపు అక్కడితో ఆగలేదు. 1903లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ తంతి సమావేశం, నోటితో పలకగలిగితే చాలు, పది అక్షరాల దాకా ఉన్న అర్థంలేని మాటను కూడా ఒక్క మాటగా లెక్కించవచ్చని ఒప్పుకుంది. వెంటనే 1906లో బెంట్లీ కోడ్ పుస్తకం వచ్చింది. అందులో ఒక్కో వాక్యానికి అయిదక్షరాల సంకేతం ఉంటుంది. రెండు సంకేతాలు కలిపితే పదక్షరాలు. అంటే ఒక మాట ఖర్చుతో రెండు వాక్యాలు పంపొచ్చు. పత్తి, పొగాకు, సుగంధ ద్రవ్యాల వ్యాపారం ప్రపంచమంతటా ఇలాంటి పుస్తకాల మీదే నడిచింది. 1912లో ఐఎల్‌టీడీ కంపెనీ మన గుంటూరు జిల్లాలో పొగాకు కొనుగోళ్లకు దిగింది. ఇక్కడి నల్లరేగడి మీద పండిన ఆకు ధర సముద్రాల అవతల తేలే రోజులవి.

నేను చేరేనాటికి మా ఆఫీసులో టెలిగ్రాం వాడకం తగ్గిపోయింది. కానీ ఆ నమోదు మాటను మా యజమాని గారు వదల్లేదు. కొలంబోలో, సింగపూర్‌లో మమ్మల్ని పిలిచేది ఆ మాటతోనే. కంపెనీ అసలు పేరు తెలియని కొనుగోలుదారుకి కూడా ఆ మాట తెలుసు. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవే ఆగిపోయింది. ఆ పాత మాట మాత్రం మా దగ్గర ఇంకో రూపంలో బతికింది. అది కాసేపట్లో చెబుతాను.

అవతల ఉన్నది ఎవరు?

టెలెక్స్ గదికి తలుపు వేసి ఉంచేవాళ్లం. అంత చప్పుడు. యంత్రం హిందుస్థాన్ టెలీప్రింటర్స్ వారిది, మద్రాసులో తయారైనది. వేగం సెకనుకి 50 బిట్లు, అంటే నిమిషానికి 66 మాటల చొప్పున పోతుంది. కాలం లెక్కన చార్జీ పడుతుంది కాబట్టి లైను కలిశాక తీరిగ్గా టైపు చేస్తూ కూర్చుంటే కుదరదు. ముందే కాగితం టేపు మీద చిల్లులు పొడిచి సిద్ధం చేసుకోవాలి. లైను కలవగానే టేపు ఎక్కిస్తే గడగడా వెళ్లిపోతుంది. రకం, తొడిమతోనా తొడిమ తీసా, తేమ శాతం, రేవు దాకా ధర, ఏ నెలలో ఓడ: ఇంతే విషయం. తాలుకాయ (రంగు పోయిన కాయ) ఎంత శాతం దాకా ఒప్పుకుంటారన్న దాని మీదే నాలుగు టెలెక్స్‌లు నడిచిన రోజులున్నాయి.

టెలెక్స్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది వేగం కాదు, ఆన్సర్‌బ్యాక్. ఇక్కడ ‘ఎవరు మీరు’ అనే మీట నొక్కితే, అవతలి యంత్రం మనిషి ప్రమేయం లేకుండా తన సంకేతం తానే కొడుతుంది. కబురు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఆ సంకేతం పడిందంటే, మన మాట చేరాల్సిన యంత్రానికి మొదటి నుంచి చివరిదాకా చేరిందని అర్థం. ఆ కాగితాన్ని బ్యాంకు ఒప్పుకునేది, కోర్టు కూడా ఒప్పుకునేది.

ఒప్పందం ఎప్పుడు కుదిరింది, ఎక్కడ కుదిరింది అన్న ప్రశ్న వ్యాపారంలో చిన్నది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పుకుంటున్నానని ఉత్తరం రాసి పోస్టులో వేస్తే, అవతలివాడు దానికి కట్టుబడినట్టే. మరి ఫోన్‌లో ఒప్పుకుంటే? ఆ ప్రశ్న సుప్రీంకోర్టుకి తెచ్చింది పత్తి గింజల చెక్క బేరమే. అహ్మదాబాద్ వ్యాపారి ఫోన్ చేశాడు, ఖామ్‌గావ్ వ్యాపారి ఒప్పుకున్నాడు, సరుకు రాలేదు. ఒప్పుకోలు చెవిన పడిన చోటే, అంటే అహ్మదాబాద్‌లోనే, ఒప్పందం కుదిరిందని 1965లో కోర్టు తేల్చింది. మా ఆఫీసులో పాత టెలెక్స్ కాగితాలు చెదలు పట్టకుండా అట్టపెట్టెల్లో దాచింది ఇందుకే. అవతలివాడు విన్నాడని చూపించే రుజువు అవి.

ఫ్యాక్స్ వచ్చాక సంతకం, ముద్ర కనిపించడం మొదలైంది. కానీ ఆ మెరిసే కాగితం మీద అక్షరం గుంటూరు ఎండకి ఏడాది తిరక్కుండా వెలిసిపోయేది. రాగానే జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టడం ఒక పని అయింది.

అద్దె పేరు

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో ఇంటర్నెట్‌ని ప్రజలకు తెరిచింది. మొదట పెద్ద నగరాలకే. గుంటూరు నుంచి అందుకోవాలంటే మోడెంతో ఎస్టీడీ కొట్టి మద్రాసుకో, తర్వాత హైదరాబాదుకో కలవాలి. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ పావు రేటు కాబట్టి ఉత్తరాలన్నీ పగలు టైపు చేసి ఉంచి, రాత్రి పంపడం అలవాటైంది. టేపు మీద ముందే పొడిచి ఉంచే అలవాటున్న నాకు ఆ పద్ధతి కొత్తగా అనిపించలేదు. ఊళ్లోనే లోకల్ కాల్‌తో ఇంటర్నెట్ కలిసే రోజులు, 1998 నవంబరు విధానంతో ప్రైవేటు సంస్థలు వచ్చిన రోజులు ఆ తర్వాతవి.

ఖర్చు తగ్గింది, కాని చిరునామా మనది కాకుండా పోయింది. మన పేరు చిన్నగా ముందు, వీఎస్‌ఎన్‌ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్ అని పొడుగ్గా వెనక. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థను మారిస్తే చిరునామా పోతుంది. కొందరు ఉచిత మెయిల్ పెట్టెలు తెరిచారు. అవి గుమాస్తా పేరు మీద ఉండేవి. గుమాస్తా మానేస్తే పాస్‌వర్డూ పోయేది, మూడేళ్ల ఉత్తరాలూ పోయేవి. బజార్లో ఇలా పోయిన ఆర్డర్లు నాకు తెలుసు.

డొమైన్ పేరు గురించి మా యజమాని గారికి నేను చెప్పబోతే ఆయన సగంలోనే అందుకున్నారు. “అమ్మాయ్, ఇది మన గ్రామ్స్ మాటేగా! ఏడాదికింత కట్టి మన మాట మన దగ్గర పెట్టుకోవడమేగా!” అన్నారు. అంతే. తాతల నాటి ఆ తంతి మాట డాట్ కామ్ కింద ఖాళీగా ఉంది, అదే నమోదు చేశాం. కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది, ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆఫీసు మూల ఒక సర్వరు

సర్వరు అనగానే పెద్ద యంత్రం ఊహించుకోనక్కర్లేదు. బిల్లింగుకి పనికిరాదని పక్కన పెట్టిన ఒక కంప్యూటరు, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ, ఒక మోడెం, ఒక యూపీఎస్. లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాం. ఐబీఎంలో ఉండగా వీట్సె వెనెమా రాసి 1998లో అందరికీ ఉచితంగా ఇచ్చినది.

మెయిల్ ఎలా నడుస్తుందో చదివినప్పుడు నా పాత గది గుర్తొచ్చింది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రం ప్రకారం ఒక యంత్రం రెండోదాన్ని 25వ నంబరు పోర్టు మీద పిలుస్తుంది. రెండోది 220 అని తన పేరు చెబుతుంది. మొదటిది ‘హెలో’ అని తన పేరు చెబుతుంది. ఎవరి దగ్గర నుంచి, ఎవరికి, విషయం ఏమిటి అని వరుసగా చెబుతుంది. ప్రతి దానికీ అవతలిది 250 అంటుంది. చివరి 250కి ‘ఈ ఉత్తరం నాకు అందింది, ఇక బాధ్యత నాది’ అని అర్థం. టెలెక్స్ చేసిన మనిషికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఏ కంపెనీ ఉత్తరం ఏ యంత్రానికి వెళ్లాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు, 1986 జనవరిలో వచ్చిన ఏర్పాటు. డొమైన్ వివరాల్లో రెండు మూడు యంత్రాల పేర్లు, పక్కన అంకెలు రాస్తాం. చిన్న అంకె ఉన్నది ముందు. అది పలకకపోతే తర్వాతది. ఏదీ పలకకపోతే పంపినవాడి యంత్రం ఉత్తరాన్ని పారేయదు. రేటు వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఆగినట్టు అక్కడే వరుసలో ఆపి, కాసేపటికోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ఆపాలని నిబంధన.

ఎండాకాలం కరెంటు కోతలున్న మా ఊళ్లో డయలప్ మీద సర్వరు పెట్టగలిగామంటే, ఇలా ఉత్తరాన్ని ఆపి ఉంచి తర్వాత పంపే పద్ధతి పుణ్యమే. మా పేరున వచ్చే ఉత్తరాలన్నీ బయట హోస్టింగ్ సంస్థ దగ్గర ఒకే పెట్టెలో పడేవి. మా యంత్రం పొద్దున్నే ఇంటర్నెట్‌కి కలిసి, ఫెచ్‌మెయిల్ ప్రోగ్రాంతో వాటిని దింపి, ఎవరి బల్లకి వారివి పంచేది. మేం రాసినవి అదే సమయంలో బయటికి పోయేవి. మలేషియా, చైనా మనకంటే రెండున్నర గంటలు ముందు. మనకి ఏడైతే వాళ్లకి తొమ్మిదిన్నర, ఆఫీసు తెరిచే వేళ. వాళ్లు అడిగింది చేతిలో పెట్టుకుని మిర్చి యార్డుకి వెళ్తే ఏ రకం, ఎన్ని టిక్కీలు చూడాలో తెలిసేది.

ఆ సర్వరుతో నేను చేసిన పనుల్లో ముఖ్యమైనది ఒకటే అనుకుంటాను. మనుషుల పేర్ల మీద కాకుండా బల్లల పేర్ల మీద చిరునామాలు పెట్టాను. ఎగుమతులకి ఒకటి, పత్రాలకి ఒకటి, లెక్కలకి ఒకటి. మనిషి మారినా ఉత్తరం ఆ బల్లకే వస్తుంది. ప్రతి ఉత్తరం నకలు సర్వరులో ఒకచోట పడుతుంది.

దాని విలువ 2003లో తెలిసింది. మిరపతో చేసిన సరుకులో సుడాన్-1 అనే నిషేధిత రంగు బయటపడటంతో, ఆ ఏడాది జూన్‌లో యూరోపియన్ కమిషన్ మిర్చి దిగుమతుల మీద పరీక్ష పత్రాలు తప్పనిసరి చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందల ఆహార ఉత్పత్తులు అంగళ్ల నుంచి వెనక్కి పోయాయి. స్పైసెస్ బోర్డు కూడా ఎగుమతికి ముందే పరీక్షలు పెట్టింది. ఏ లాటు, ఏ నమూనా, ఏ రిపోర్టు, ఏ తేదీన ఎవరికి పంపాం అని కొనుగోలుదారులు ఏళ్ల వెనకటివి కూడా అడిగారు. నకళ్లు ఉన్న కంపెనీ ఆ రోజే జవాబిచ్చింది. లేని కంపెనీ సరుకు మంచిదైనా నోరు విప్పలేకపోయింది.

చట్టం కూడా అప్పటికే కలిసొచ్చింది. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ ఉత్తరానికి కాగితంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. దాని 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యంత్రం ఎక్కడున్నా ఉత్తరం పంపినవాడి వ్యాపార స్థలం నుంచే బయల్దేరినట్టు లెక్క. సర్వరు అమెరికాలో ఉన్నా మన మాట గుంటూరు నుంచి వెళ్లినట్టే.

పోయిన ఆన్సర్‌బ్యాక్

మెయిల్‌లో ఒక్క లోటు ఉంది, అది పుట్టుకతో వచ్చింది. టెలెక్స్ యంత్రం తన సంకేతం తప్ప వేరేది చెప్పలేదు. మెయిల్ యంత్రం ‘హెలో’ అన్నాక ఎవరి పేరైనా చెప్పగలదు. 1982లో ఆ నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. అందుకని ఎవరూ అడ్డు పెట్టలేదు. ఆ ఖాళీలోంచే చెత్త మెయిల్ అంతా వచ్చింది. 2005 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చి చిన్న ఆఫీసుల సర్వర్లు రాత్రింబవళ్లు ఇంటర్నెట్ మీద ఉండటం మొదలయ్యాక, బయటివాళ్ల ఉత్తరాలను కూడా అడగకుండా మోసే సర్వర్లు స్పామర్ల చేతిలో పడ్డాయి. 1998 నుంచి ఉన్న స్పామ్‌హాస్ లాంటి సంస్థల నల్ల జాబితాలో మన సర్వరు ఐపీ అంకె ఎక్కిందంటే మన కొటేషను అవతలి గుమ్మం దాటదు. ఐపీ అంకెను అడిగితే మన పేరు చెప్పే పీటీఆర్ రికార్డు లేకపోయినా అనుమానమే.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ల మెయిల్ చరిత్ర పోయిన ఆన్సర్‌బ్యాక్‌ని మళ్లీ కట్టుకోవడమే. ఈ పేరుతో ఉత్తరం పంపే హక్కు ఏ యంత్రాలకుందో ప్రకటించే ఎస్‌పీఎఫ్ 2006లో పత్రంగా వచ్చింది. ఉత్తరం మీద గణిత సంతకం చేసే డీకిమ్ 2007లో వచ్చింది. ఈ రెండూ తప్పితే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ 2015లో వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దయెత్తున మెయిల్ పంపేవారికి మూడూ తప్పనిసరి చేశాయి.

ఇవన్నీ ఆఫీసు మూలలో ఉన్న ఒక యంత్రం మీద ఒక్క మనిషి చూసుకోవడం కష్టమైంది. 2006 ఆగస్టులో గూగుల్ సొంత డొమైన్‌తో మెయిల్ వాడుకునే ఏర్పాటు తెచ్చాక, తర్వాత మరికొందరూ అదే బాట పట్టాక, మేమూ సర్వరు ఆపి అద్దె మెయిల్‌కి మారాం. ఎంఎక్స్ రికార్డులో నాలుగు వరుసలు మార్చాం, అంతే. ఒక్క కొనుగోలుదారుకి కూడా చిరునామా మారిందని చెప్పాల్సిన అవసరం రాలేదు. యంత్రం అద్దెది, పేరు మాత్రం మనదే. జిల్లాలు మారినా అది మారదు. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి 1972లో ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న చిలకలూరిపేట పల్నాడులోకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి. ఆ ఊళ్ల కంపెనీలన్నీ లెటర్‌హెడ్ మీద జిల్లా మార్చుకున్నాయి. డొమైన్ ఉన్నవాటికి ఈ-మెయిల్ మార్చే పని పడలేదు.

బజారుకి నా మాట

ఇప్పుడు ధర, ఫొటో, ఓడ కబురు అన్నీ వాట్సాప్‌లో నడుస్తున్నాయి. నడవనివ్వండి. ఒప్పందం, ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్), పరీక్ష రిపోర్టు, బ్యాంకు ఖాతా వివరాలు మాత్రం ఇంకా మెయిల్‌లోనే వెళ్తున్నాయి. మోసగాళ్లు కాచుకుని ఉన్నదీ అక్కడే. ఒక్క అక్షరం తేడాతో మన డొమైన్ లాంటిదే ఇంకోటి కొని, ‘మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని కొనుగోలుదారుకి రాస్తారు. కంటెయినరు మనది, సొమ్ము వాళ్లది అవుతుంది.

గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. పంట పేరుని వేరేవాళ్లు వాడకూడదని అంత పట్టుబట్టిన ప్రాంతం మనది. అదే యార్డు చుట్టూ కోట్ల వ్యాపారం చేస్తూ, విజిటింగ్ కార్డు మీద గుమాస్తా పేరున ఉన్న ఉచిత మెయిల్ వేసుకునే కంపెనీలు ఇంకా ఎన్నో ఉన్నాయి. చీమకుర్తి గెలాక్సీ రాయి అమ్మేవారికీ, ఒంగోలు పొగాకు వ్యాపారులకీ, చిలకలూరిపేట మిల్లులకీ నేను చెప్పేది ఇదే. డొమైన్ కొనండి, కంపెనీ పేరు మీదే కొనండి, కంప్యూటరు రిపేరు కుర్రాడి పేరు మీద కాదు. దాని పాస్‌వర్డు బీరువాలో పెట్టండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టించండి. బల్లల పేర్ల మీద చిరునామాలు పెట్టండి, నకళ్లు దాచండి. ఖాతా మారిందని ఏ మెయిల్ వచ్చినా, అందులో ఉన్న నంబరుకి కాదు, మీ దగ్గర పాత నుంచి ఉన్న నంబరుకి ఫోన్ చేసి మనిషి గొంతు వినండి. మన పెద్దవాళ్లు ఒక్క తంతి మాట కోసం ఏటా మరచిపోకుండా రుసుము కట్టారు. ఈ ఏడాది మీ డొమైన్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇవాళే చూసుకోండి.